14 అంగుళాల టచ్ ల్యాప్‌టాపా, 15.6 అంగుళాల మామూలుదా?

ఎల్బీ నగర్ నుంచి, ప్రశ్న:
మా అమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరింది. రోజూ మెట్రోలో జేఎన్‌టీయూ స్టేషన్ దాకా వెళ్లి రావాలి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో రెండు చూశాం. ఒకటి 14 అంగుళాలు, టచ్ ఉంది. ఇంకోటి 15.6, టచ్ లేదు. ధర దాదాపు ఒకటే. మావారు పెద్దదైతే కళ్లకు మంచిదంటారు. అమ్మాయి టచ్ కావాలంటోంది. ఏది తీసుకోమంటారు?

అమీర్‌పేట:
పెద్దదే తీసుకోండి. కోడింగ్‌కి పక్కపక్కనే రెండు విండోలు పెట్టుకోవాలంటే 14లో ఇరుకు. టచ్ మూణ్ణాళ్ల ముచ్చట.

కొండాపూర్:
ఎంత పెద్దదో కొలిచి చూడాలండీ. అంగుళాలు చెప్పేది మూల నుంచి మూలకు. 15.6 తెర మామూలుగా 16:9లో వస్తుంది, అంటే వెడల్పు 16 పాళ్లయితే ఎత్తు 9 పాళ్లు. వెడల్పు 34.5 సెంటీమీటర్లు, ఎత్తు 19.4. ఇప్పుడు 14లో చాలావాటికి 16:10 తెర ఉంటోంది. దాని వెడల్పు 30, ఎత్తు 18.8. ఎత్తులో తేడా అర సెంటీమీటరు పైచిలుకే! మనం చదివేదీ, కోడ్ రాసేదీ పైనుంచి కిందికే కదా. తెలుగు చదివేవాళ్లకు ఎత్తు ఇంకా ముఖ్యం, వత్తుల కోసం లైన్ల మధ్య ఎక్కువ ఎడం కావాలి. అదే 14 కూడా 16:9 అయితే ఎత్తు 17.4కి పడిపోతుంది. అప్పుడు అమీర్‌పేట ఆయన మాటే రైటు.

అక్షరాలు చిన్నగా ఉంటే సెట్టింగ్స్‌లో పెంచుకోవచ్చు, బరువు తగ్గించుకోలేం. రోజూ అటూ ఇటూ అంత దూరం, రద్దీలో నిలబడి వెళ్లే పిల్ల. భుజం సంగతి కూడా చూడండి. ఇంట్లోకి తర్వాత ఓ మానిటర్ కొని తగిలించుకోవచ్చు.

ఇక టచ్. నిలబెట్టిన తెరను చెయ్యి చాపి ఎంతసేపు తాకగలం? కాసేపటికి చెయ్యి లాగేస్తుందని 2010లోనే యాపిల్ కంపెనీ స్టీవ్ జాబ్స్ చెప్పారు. పైగా టచ్ తెరలు ఎక్కువగా నిగనిగలాడే గాజువి. కిటికీ పక్కన కూర్చుంటే మన మొహమే కనిపిస్తుంది.

దిల్‌సుఖ్‌నగర్:
నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. చెయ్యి లాగడం తెర నిలబెట్టినప్పటి మాట. నాది పూర్తిగా వెనక్కి మడిచి పలకలా ఒళ్లో పెట్టుకునే రకం. ఇంటిగ్రేషన్ స్టెప్పులు పెన్నుతో రాస్తుంటే నోటు పుస్తకంలో రాసినట్టే ఉంటుంది. ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో లెక్కలు, సర్క్యూట్ బొమ్మలు ఉంటాయి, వాటిని టైపు చేయడం నరకం. అమ్మాయి అడిగిందాన్ని ముచ్చట అని కొట్టేయకండి.

కొండాపూర్:
పెన్ను విషయం ఒప్పుకుంటున్నానండీ. అయితే వాళ్లు చూసింది మడిచే రకమేనా? ఊరికే టచ్ ఉంటే చాలదు, అరచెయ్యి ఆనించి రాయాలంటే యాక్టివ్ పెన్ సపోర్ట్, అంటే పెన్ను మొనను చేతి నుంచి వేరుగా గుర్తుపట్టే ఏర్పాటు, కూడా ఉండాలి.

ఎల్బీ నగర్:
ఇప్పుడే షాపుకు ఫోన్ చేశాను. మడవడానికి రాదట, పెన్ను కూడా పని చేయదట. అమ్మాయికి చెబితే కాస్త డల్ అయింది. నోట్సు రాసుకోవడానికే అడిగానంది, ఆ మాట నాకు ఇంతవరకూ తెలియదు. శనివారం తననే తీసుకెళ్లి మడిచే రకం చేత్తో రాయించి చూస్తాం. కాలేజీ బ్యాగు, టేపు కూడా వెంట పెట్టుకెళ్తున్నాం.