హెచ్‌ఓ మోడల్ రైలు లేఅవుట్‌లో పట్టాలు చేత్తో వేయాలా, రెడీమేడ్ ఫ్లెక్సీ ట్రాక్ చాలా?

బెజవాడ యార్డు
సత్యనారాయణపురంలో మా మేడ మీద గదిలో 4 మీటర్ల షెల్ఫ్ లేఅవుట్ మొదలుపెట్టాను. హెచ్‌ఓ, అంటే 1:87. పట్టాలు చేత్తో వేస్తున్నానంటే తెలిసినవాళ్లంతా టైమ్ వేస్ట్ అంటున్నారు. నా లెక్క చెబుతాను, తప్పైతే చెప్పండి.

ఫ్లెక్సీ అంటే వంచుకుని వేసుకునే రెడీమేడ్ ట్రాక్; కోడ్ అంటే పట్టా ఎత్తు, అంగుళంలో వెయ్యోవంతుల లెక్కన. కోడ్ 100 ఫ్లెక్సీలో పట్టా ఎత్తు 2.54 మి.మీ. దాన్ని 87తో గుణిస్తే 221 మి.మీ. అవుతుంది. మీటరుకి 60 కిలోల బరువుండే మన రెయిలు ఎత్తు 172 మాత్రమే, 52 కిలోలది 156. అదే కోడ్ 70 తీసుకుంటే 155 వస్తుంది, 52 కిలోల రెయిలుకి అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. మన బ్రాడ్‌గేజ్ స్లీపరు (పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మ) పొడవు 2.75 మీటర్లు, మోడల్‌లో 31.6 మి.మీ. కిలోమీటరుకి 1660 స్లీపర్ల లెక్కన వేస్తే ఒకదానికొకటి 7 మి.మీ. లోపే. ఫ్లెక్సీ ట్రాక్ వేరే దేశాల కొలతలతో చేసింది. పైన నడిచే బండి మనది, కింద దారి పరాయిది అయితే నాకు మనసొప్పడం లేదు.

బ్రాడీపేట కుర్రాడు
అన్నా, అసలు గేజే, అంటే రెండు పట్టాల మధ్య దూరమే, తప్పు కదా. మన 1676 మి.మీ. గేజ్ 1:87లో 19.3 అవ్వాలి. మీరు వేసేది 16.5. అది 1435 స్టాండర్డ్ గేజ్‌కి సరిపోయేది. అంత తేడా వదిలేసి పట్టా ఎత్తులో ముప్పాతిక మిల్లీమీటరు కోసం మీటరుకి 145 స్లీపర్లు అతికించడం ఏమిటి? మొత్తం 580 అవుతాయి. ఆ టైములో సిగ్నళ్లు, ప్లాట్‌ఫారం, ఓవర్‌హెడ్ స్తంభాలు అన్నీ పూర్తవుతాయి.

బెజవాడ యార్డు
19.3 ప్రయత్నించాను తమ్ముడూ. వ్యాగన్లకి యాక్సిల్ మార్చడం తేలికే. నా దగ్గరున్న లోకోల చక్రాల ఫ్రేములో చక్రాలు బయటికి జరిపే చోటు లేదు. అందుకే 16.5 దగ్గర ఆగాను. ఒక మాట మాత్రం గట్టిగా చెప్తాను. నా షెల్ఫ్ కంటి ఎత్తులో ఉంటుంది, అందరూ పక్కనుంచే చూస్తారు. పక్కనుంచి గేజ్ కనబడదు, పట్టా ఎత్తు కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

కొండపల్లి దారి
నాదొక డౌటు. చేత్తో వేసేటప్పుడు రెండు పట్టాలనీ రాగి పూత ఉన్న స్లీపర్ మీద టంకం పెడితే షార్ట్ అవదా? ఒక పట్టా ప్లస్, ఒకటి మైనస్ కదా. ఇంకోటి, మా బొమ్మల వాళ్లు వాడే తెల్ల పొణికి చెక్క స్లీపర్లకి పనికొస్తుందా?

బెజవాడ యార్డు
అవుతుంది. అందుకే ప్రతి రాగి స్లీపరు మధ్యలో సన్నటి రంపంతో పూత తెగేలా గాడి పెట్టాలి. నేను ఒక్కదానికి మరిచిపోయాను, అది వెతకడానికి ఒక సాయంత్రం పట్టింది. ఇప్పుడు ప్రతి స్లీపరూ అతికించే ముందే మల్టీమీటర్ పెట్టి చూస్తున్నాను. అన్నీ రాగివి అక్కర్లేదు. ప్రతి అయిదోది రాగిది, మధ్యలోవి చెక్కవి. అలా మీటరుకి 29 రాగివి చాలు. గవర్నర్‌పేటలో పీసీబీ షీటు (రాగి పూత ఉన్న సర్క్యూట్ బోర్డు) కొని నేనే కోసుకున్నాను.

పొణికి చాలా మెత్తన, మేకు పట్టదు. జిగురుతో అతికించి, బరువంతా రాగి స్లీపర్ల మీద మోయించేలా అయితే ఫర్వాలేదు.

బ్రాడీపేట కుర్రాడు
పాయింట్ల (లైను రెండుగా చీలే చోట్ల) విషయంలో మాత్రం ఒప్పుకుంటాను. నా రెడీమేడ్ పాయింట్లలో క్రాసింగ్, అంటే పట్టాలు ఒకదాన్నొకటి దాటే ముక్క, ప్లాస్టిక్‌ది. నాలుగు చక్రాల షంటర్ (చిన్న ఇంజను) నెమ్మదిగా వస్తే దాని మీద కరెంటు అందక ఆగిపోతోంది. చేత్తో చేస్తే క్రాసింగ్ మొత్తం లోహమే పెట్టి, పాయింటు మారినప్పుడల్లా దాని పోలారిటీ మారేలా స్విచ్ కలపొచ్చు. కాబట్టి పాయింట్లు చేత్తో, మిగతా లైను ఫ్లెక్సీతో. అంతకు మించి నాకు అనవసరం అనిపిస్తోంది.

రిటైర్డ్ పీవే (రైల్వే ట్రాక్ విభాగం), గుంటూరు
బాబూ, ఇద్దరూ కొలతలు బాగా చెబుతున్నారు. నేనడిగేది ఒకటే, మీరు చేస్తున్నది ఏ కాలపు లైను? ఈ రోజు బెజవాడ యార్డులో ఎక్కడ చూసినా కాంక్రీటు స్లీపర్లే. పాత రోజుల లైను అంటారా, నేను పనిచేసిన సెక్షన్‌లో చెక్క ఎక్కువగా పాయింట్ల కింద, వంతెనల మీద ఉండేది. మామూలు లైనంతా సీఎస్‌టీ-9 రకం స్లీపర్లే: పోత ఇనుప ప్లేట్లు రెండు, మధ్యలో టై బార్. లైనంతా చెక్క స్లీపర్లు పేర్చి, ఇది మన లైను అంటే మా గ్యాంగ్‌మన్లు ఎవరూ ఒప్పుకోరు.

ఇంకొకటి. క్రాసింగ్ దగ్గర చెక్ రెయిల్ (చక్రం దారి తప్పకుండా పట్టా పక్కన వేసే రెండో పట్టా) సందు మాకు 44 నుంచి 48 మి.మీ. మీ స్కేలులో అర మిల్లీమీటరు. మోడల్ చక్రం అంచు అందులో పట్టదు. అక్కడ అసలు కొలత కోసం పట్టుబడితే ప్రతి బండీ పడిపోతుంది.

బెజవాడ యార్డు
సార్, సందు 1.2 పెట్టాను, అక్కడ రాజీ తప్పలేదు. సీఎస్‌టీ-9 మాట మాత్రం నాకు తట్టనే లేదు. నేను చేస్తున్నది 1985 ప్రాంతం. పాయింట్ల కింద చెక్క ఉంచి, మిగతా లైనులో వేసిన చెక్క తీసేస్తాను. ఒక ప్లేటు చెక్కి, అచ్చు తీసి, రెజిన్ పోస్తాను. టై బార్‌కి లోహం వాడితే మళ్లీ షార్ట్ భయం లేదు కదా, ప్లేట్లు రెజినే కాబట్టి? మొదటి పది ప్లేట్లు అయ్యాక ఫోటో పెడతాను. ఆకారంలో తప్పుంటే వెంటనే చెప్పండి, మిగతావి పోసేలోపు దిద్దుకుంటాను.