మూడో డమ్మీకే మొహం తిప్పేస్తోంది: పది నెలల ల్యాబ్‌కి మళ్ళీ హుషారు ఎలా తెప్పించాలి?

గుంటూరు_ల్యాబ్

అందరికీ నమస్కారం. ఆడ ల్యాబ్రడార్, పది నెలలు, 24 కిలోలు. నాలుగో నెలలో డమ్మీ (కుక్క నోట పట్టి తేవడానికి విసిరే గుడ్డ చుట్ట) విసరడం మొదలుపెట్టాం. ఏడో నెల దాకా ఎంత దూరం విసిరినా బాణంలా వెళ్ళి తెచ్చేది. ఇప్పుడు మొదటిది తెస్తుంది. రెండోదానికి నడుచుకుంటూ వెళ్తుంది. మూడోదాని దగ్గరికి వెళ్ళి మూతి ఆనించి వదిలేసి, గడ్డి వాసన చూసుకుంటూ తిరుగుతుంది. గట్టిగా పిలిస్తే అక్కడే కూర్చుని ఆవులిస్తుంది.

రోజూ పొద్దున ఆరున్నరకి, నల్లపాడు వైపు ఒక ఖాళీ వెంచర్‌లో, 20 నుంచి 25 సార్లు విసురుతాం. అర కిలో కాన్వాస్ డమ్మీ ఒక్కటే ఉంది. రెండు నెలల నుంచి కూర్చోబెట్టి, డమ్మీ కింద పడ్డాక పది లెక్కపెట్టి అప్పుడు వదులుతున్నాం. ముందే పరిగెత్తితే వెనక్కి లాగి మళ్ళీ కూర్చోబెడతాం. తెచ్చి ఇస్తే బిస్కెట్ ముక్క. వెంచర్‌కి ఆనుకుని మిర్చి కల్లాలు ఉన్నాయి కానీ దాన్ని అటు పోనివ్వం.

తిండి బాగానే తింటుంది. ఇంట్లో చెప్పులు, సాక్సులు మాత్రం నోట కరుచుకుని తిరుగుతూనే ఉంటుంది. అరిస్తే మంచం కిందకి దూరుతుంది. వేట ఉద్దేశం ఏమీ లేదు, డమ్మీలతో గన్ డాగ్ (వేటలో పడ్డ పక్షిని తెచ్చిచ్చే కుక్క) పద్ధతిలో నేర్పించాలనే. దూరం పెంచాలా, డమ్మీ మార్చాలా, కొన్నాళ్ళు ఆపేయాలా?

బెజవాడ_రిట్రీవర్

ఆపేయండి. ఇవాళ్టి నుంచి పది రోజులు డమ్మీ దాని కంట పడకూడదు. బీరువా మీద పెట్టేయండి, బంతులు కూడా. నడక, ఆట, ఇంట్లో చిన్న చిన్న మాటలు నేర్పడం కొనసాగించండి.

కారణం మీ పోస్టులోనే ఉంది. రోజుకి పాతిక సార్లు విసిరితే కుక్కకి అర్థమయ్యేది ఒకటే: ఈ వస్తువు ఎక్కడికీ పోదు, తెచ్చినా తేకపోయినా ఇంకోసారి వచ్చి పడుతుంది. ఇక దాని కోసం ఎందుకు పరిగెత్తాలి? ఆ వయసులో మూడు చాలు, నాలుగు ఎక్కువ. ఇంకొకటి విసిరితే బాగుండు అని అది మీ చేతికేసి చూస్తున్నప్పుడే డమ్మీ సంచిలో పడిపోవాలి. చాలామంది కుక్క అలిసిపోయే దాకా విసిరి, ఆ అలుపే ట్రైనింగ్ అనుకుంటారు. రోజూ చివర్లో మిగిలిన విసుగే మర్నాటికి మొదలవుతుంది.

రెండో కారణం ఆ పది లెక్కపెట్టడం. ఆగడం నేర్పాల్సిందే, కానీ పరుగు మీద పిచ్చి బాగా ముదిరాక. ఎనిమిదో నెలలోనే ప్రతి విసురుకీ ఆపి, కదిలితే లాగితే, డమ్మీ గాల్లోకి లేవగానే దానికి మీ చెయ్యే గుర్తొస్తుంది. ఆవులింత నిద్ర వల్ల కాదండి, ఇబ్బంది వల్ల. పెదాలు నాక్కోవడం, నేల వాసన చూడటం కూడా అదే బాపతు. 'సిట్', 'స్టే' విడిగా, డమ్మీ లేని వేళ, అన్నం గిన్నె ముందు నేర్పించండి.

మూడోది చెప్పులు. నోట్లో వస్తువుతో ఉన్నప్పుడల్లా మనుషులు మీదకొచ్చి లాక్కుంటున్నారని అది నేర్చుకుంది. అలాంటిది మీ చేతికి డమ్మీ ఎందుకు తెస్తుంది? చెప్పుల స్టాండు పైకి ఎత్తి పెట్టండి. అయినా ఒకటి పట్టుకొస్తే, 'భలే తెచ్చావే' అని దగ్గరికి పిలిచి, గుండె మీద నిమిరి, నెమ్మదిగా తీసుకోండి. ఇంటిల్లిపాదీ ఇదే చెయ్యాలి. ఒక్కరు అరిచినా లెక్క మళ్ళీ మొదటికే.

పదకొండో రోజు వెంచర్‌కి వెళ్ళకండి. ప్రహరీకీ ఇంటికీ మధ్య సందు ఉంటుంది కదా, మీటరు, మీటరున్నర వెడల్పు, ఓ చివర మూసి ఉన్నది. డాబా మీద వరండా అయినా పర్లేదు, గచ్చు నున్నగా ఉంటే గోనెపట్టా పరవండి, జారితే మోకాళ్ళు పాడవుతాయి. తెరిచి ఉన్న వైపు మీరు నిలబడండి. దాని పడక మీ వెనకాల ఉండాలి. అంటే వచ్చే దారి మీ మీదుగానే. డమ్మీని దాని ముందు నేల మీద రెండుసార్లు ఈడ్చి, నాలుగైదు మీటర్లు దొర్లించి, ఇంకా కదులుతుండగానే వదిలేయండి. కూర్చోబెట్టడం, లెక్కపెట్టడం ఏమీ వద్దు. నోట పట్టి మీ వైపు తల తిప్పిన క్షణంలో మీరు వెనక్కి తిరిగి పరిగెత్తండి. ఎదురెళ్ళారో, అది పక్కకి తప్పుకుంటుంది. దగ్గరికి వచ్చాక చెయ్యి చాపకండి. ఒంగి పక్కటెముకలు, గుండె నిమురుతూ పది పదిహేను సెకన్లు డమ్మీని దాని నోట్లోనే ఉంచండి. తర్వాత రెండు చేతులూ గడ్డం కింద పెట్టి 'వదులు' అనండి. పైనుంచి చెయ్యి వేస్తే తల వంచేస్తుంది, డమ్మీ కాళ్ళ దగ్గర పడుతుంది. ఆ రోజుకి రెండుసార్లే. నాలుగు రోజులు ఇలా గడిచాక మూడుకి పెంచండి.

అప్పుడు అసలు చిట్కా. దాన్ని స్తంభానికి కట్టండి, లేదా ఇంట్లో వాళ్ళెవరైనా పట్టుకోవాలి. మెడపట్టీకి వద్దు, ఒంటికి వేసే హార్నెస్‌కి కట్టండి, ఎగిరినప్పుడు గొంతు నొక్కకుండా. నాలుగుసార్లు విసరండి. మూడుసార్లు మీరే నడుచుకుంటూ వెళ్ళి, దానికేసి చూడకుండా తెచ్చుకోండి. అది కుయ్యోమని లాగుతుంటే, డమ్మీ పడ్డ చోటు నుంచి చూపు తిప్పకుండా ఉంటే, నాలుగోది దానికి. లాగకపోతే ఆ రోజు అసలేమీ ఇవ్వకండి. ఇంకో ల్యాబ్ ఎవరి దగ్గరైనా ఉంటే దీన్ని కట్టి ఉంచి దానితో తెప్పించండి, ఇంకా వేగంగా పని చేస్తుంది.

ఏ రోజైనా మధ్యలో వదిలేస్తే మాట రెట్టించకండి. 'తే, తే, తే' అంటూ పోతే ఆ మాటకి విలువ పోతుంది. చప్పుడు చెయ్యకుండా వెళ్ళి డమ్మీ తీసుకుని ఇంటికొచ్చేయండి.

ఇక ఆ బిస్కెట్ మానేయండి. మీ జేబులో తిండి ఉందని తెలిసిన కుక్క రెండు మీటర్ల దూరంలోనే డమ్మీ ఉమ్మేసి నోరు తెరుస్తుంది.

కృష్ణాతీరం

ట్రైనింగ్ సంగతి పైవారు చెప్పారు. నాకు ముందు కనపడింది ఆ మిర్చి కల్లాలు. ఈ రోజుల్లో కాయ ఎండబోసి, తిరగేసి, తాలు ఏరి, టిక్కీలకి (మిర్చి బస్తాలకి) ఎత్తే దాకా ఘాటు గాల్లోనే ఉంటుంది. మనకే తుమ్ములు, దగ్గు వస్తాయి. డమ్మీ మీద పడే దుమ్ము సంగతీ చూడండి. కాన్వాస్ గుడ్డ దుమ్ము పట్టేస్తుంది, దాన్ని నోట పెట్టుకుంటే నాలుక మంట. మూతి ఆనించి వదిలేస్తోందంటే ఇదీ ఒక అనుమానమే. డమ్మీని సబ్బుతో ఉతికి ఎండబెట్టి, కల్లాలకి దూరంగా వేరే చోట విసిరి చూడండి. తేడా కనిపిస్తే తెలిసిపోతుంది. కల్లాలు ఎత్తేదాకా ఆ వైపు వెళ్ళకండి. మిర్చి, పత్తి చేలల్లో మందు కొట్టిన రోజుల్లో గట్ల మీద కూడా వద్దు.

అసలు దానికన్నా ముందు డాక్టరు దగ్గరికి. బద్ధకం అనుకున్నది చాలాసార్లు నొప్పి అవుతుంది, జ్వరం అవుతుంది. చూడాల్సినవి ఇవి.

గోమార్ల వల్ల వచ్చే జ్వరం, ఎర్లికియా. మన ఊళ్ళల్లో సర్వసాధారణం. తిండి తింటూనే త్వరగా అలిసిపోవచ్చు. చిగుళ్ళు పాలిపోవడం, పొట్ట మీద ఎర్రటి చుక్కలు, ముక్కు నుంచి రక్తం కనిపిస్తే ఆలస్యం చెయ్యకండి. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు తగ్గి కనిపిస్తాయి. కుక్కకి మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్, కాబట్టి మన 98.6తో పోల్చి కంగారు పడకండి. చెవుల లోపల, వేళ్ళ సందుల్లో, తోక మొదట్లో గోమార్లు వెతకండి. డాక్సీసైక్లిన్ సొంతంగా మొదలుపెట్టకండి, మోతాదు బరువుని బట్టి, నాలుగు వారాల దాకా నడుస్తుంది.

నోరు. పదో నెలకి పళ్ళన్నీ మారిపోయి ఉండాలి. పాల కోరపన్ను ఊడకుండా పక్కనే ఉండిపోయిందేమో, రాయో ఎముకో కొరికి పన్ను చిట్లిందేమో చూపించండి. అర కిలో డమ్మీ పట్టగానే అక్కడ నొక్కుకుంటుంది.

కాళ్ళు. పడుకుని లేచినప్పుడు కుంటుతోందా? కుందేలులా వెనక కాళ్ళు రెండూ కలిపి పరిగెడుతోందా? ల్యాబ్‌కి తుంటి, మోచేయి కీళ్ళ సమస్యలు జాతిలోనే ఉన్నాయి. ఒక వారం ఈ కాలు, ఇంకో వారం ఆ కాలు కుంటితే అది ఎదిగే వయసు ఎముకల నొప్పి, అయిదో నెల నుంచి ఏడాదిన్నర దాకా రావచ్చు. గన్నవరం పశువైద్య కళాశాలలో చూపించొచ్చు.

మొదటి హీట్ వచ్చిందా, అంటే ఎదకి వచ్చిందా? వచ్చి ఆరు నుంచి పది వారాలు అయి ఉంటే, మగకుక్కతో కలవకపోయినా పాలు దిగడం, బొమ్మల్ని దాచుకోవడం, మందకొడిగా ఉండటం మామూలే. చెప్పుల పిచ్చి కూడా అందులో భాగం కావచ్చు. తగ్గే దాకా ట్రైనింగ్ పక్కన పెట్టండి.

ఇంకో మాట, ఆరున్నర ఇప్పటికి సరే. ఏప్రిల్ నుంచి అయిదున్నరకే మొదలుపెట్టి ఆరుంపావుకి ముగించాలి. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే చోట ల్యాబ్‌ని పరిగెత్తించకూడదు. సాయంత్రం ఎండ తగ్గినా నేల వేడి తగ్గదు, అరచెయ్యి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ ఆనించలేవు.

గుంటూరు_ల్యాబ్

అందరికీ ధన్యవాదాలండి. హీట్ డిసెంబరు చివర్లో వచ్చింది, లెక్క కుదురుతోంది. రేపే చూపిస్తాం. రెండు సందేహాలు. తేలిక డమ్మీ ఎక్కడా దొరకట్లేదు, ఇంట్లో చేసుకోవచ్చా? బిస్కెట్ పూర్తిగా మానేస్తే డమ్మీ పట్టుకుని పారిపోతుందేమోనని భయం.

మెట్టపొలం

చేసుకోవచ్చు, గంట పని. పాత గోనెసంచి ముక్కని 26 సెంటీమీటర్ల పొడవు, అయిదున్నర ఆరు సెంటీమీటర్ల లావు వచ్చేలా బిగించి చుట్టండి. పురికొసతో మూడు చోట్ల కట్టి, పైన పాత జీన్స్ కాలు తొడిగి చివరలు కుట్టేయండి. వంటింటి కాటాలో తూకం చూసి 250 గ్రాములకి సరిచేసుకోండి. బరువు మధ్యలో ఉండాలి, ఒక చివరకి జారితే అది ఆ చివరే పట్టుకుని ఈడుస్తుంది. విసరడానికి ఒక చివర 40 సెంటీమీటర్ల నైలాన్ తాడు కట్టండి. కుక్క ఆ తాడు పట్టుకుని గిరగిరా తిప్పడం మొదలుపెడితే తాడు కోసేయండి. లోపల నీళ్ళ సీసా పెట్టే పద్ధతి ఒకటుంది, వద్దు, కొరికితే ప్లాస్టిక్ చీలి చిగుళ్ళకి గుచ్చుకుంటుంది. టెన్నిస్ బంతి కూడా వద్దు. దాని నూగు పళ్ళని అరగదీస్తుంది, పైగా నమిలే అలవాటు వస్తుంది. కీచుమనే బొమ్మలు అంతకన్నా చెడ్డవి. రెండు చేసి ఉంచండి. ఒకదానికి నాటుకోడి రాల్చిన ఈకలు నాలుగైదు ఎండలో ఆరబెట్టి దారంతో కట్టండి. రబ్బరు బ్యాండు వద్దు, మింగుతుంది. కొత్త వాసనకి మూతి బాగా సాగుతుంది. ఈకల డమ్మీ వారానికి ఒక్కసారే బయటికి రావాలి.

బిస్కెట్ విషయంలో బెజవాడ గారితో సగమే ఏకీభవిస్తాను. ఉమ్మేయడానికి కారణం తిండి కాదు, ముందే చూపించడం. పారిపోయే పిల్లకి ఇవ్వడం మంచిదే. కానీ డమ్మీ మీ చేతిలోకి వచ్చి, మీరు దాన్ని వెనక్కి దాచి, మనసులో మూడు లెక్కపెట్టాకే జేబులో చెయ్యి పెట్టాలి. రెండు మూడుసార్లకి ఒకసారే. పారిపోకుండా ఉండాలంటే 8 నుంచి 10 మీటర్ల సన్నటి తాడు కట్టి వదిలేయండి. చివర ముడి ఉండకూడదు, రాళ్ళ మధ్య ఇరుక్కుంటుంది. దాంతో లాక్కురావడానికి కాదు, అటు పోతే కాలితో తొక్కి ఆపడానికే. చేతులకి గ్లౌజులు వేసుకోండి, నైలాన్ జారితే అరచెయ్యి కోసేస్తుంది.

సందులో వారం బాగా నడిచాక పొలానికి వెళ్ళొచ్చు. వరి కోసిన మాగాణిలో ఈ నెలల్లో మినుమో పెసరో ఉంటుంది, రైతు ఊరుకోడు. ఖాళీ బీడు వెతకండి, ముందు మీరు చెప్పుల్లేకుండా పది అడుగులు నడిచి చూడండి. పల్లేరుకాయలు, తుమ్మముళ్ళు ఉంటే అక్కడ వద్దు. పరిగెడుతూ ఒక్క పల్లేరుకాయ గుచ్చుకుంటే తప్పు డమ్మీదేనని నమ్ముతుంది. మడమల ఎత్తు గడ్డిలో, గాలి పక్క నుంచి వీచేటట్టు నిలబడి, డమ్మీ కంటికి కనపడకుండా పడేలా 15 మీటర్లు విసరండి. కళ్ళతో పరిగెత్తడం విసుగెత్తిన కుక్క ముక్కుతో వెతకడానికి మాత్రం మళ్ళీ లేస్తుంది. ఒకే చోట రెండోసారి విసరకండి. దొరక్కపోతే మీరు వెళ్ళి వెతికి చూపించకండి, వాసన తగిలే వైపు నిశ్శబ్దంగా నడవండి, అదే అందుకుంటుంది.

బెజవాడ_రిట్రీవర్

డిసెంబరు చివర అంటే ముందు ఆ పాల సంగతి తేలాలి. పొట్ట కింద గట్టిపడితే నొక్కి పిండకండి, పిండే కొద్దీ ఇంకా దిగుతాయి. నేను చెప్పిన పది రోజులు డాక్టరు సరేనన్నాకే లెక్కపెట్టుకోండి. మూడు లెక్కపెట్టాక బిస్కెట్ అంటే నాకు అభ్యంతరం లేదు, కానీ ఇంట్లో నలుగురూ ఆ మూడు లెక్కపెడతారని నాకు నమ్మకం లేదు.

గుంటూరు_ల్యాబ్

అర్థమైంది. వేసవిలో నీళ్ళల్లో విసిరితే? ఈత బాగా వచ్చు. సీతానగరం వైపు కృష్ణలోకి గానీ, ఇక్కడ దగ్గర్లో కాలువకి గానీ తీసుకెళ్దామని.

కృష్ణాతీరం

కాలువల్లో అస్సలు వద్దు. బందరు కాలువ, ఏలూరు కాలువ, మీ వైపు కొమ్మమూరు కాలువ, ఏదైనా సరే. నీళ్ళు వదిలినప్పుడు లాగుడు ఎక్కువ. గోడలు కట్టిన చోట కుక్కకి ఎక్కే దారి ఉండదు, ఈదుకుంటూనే అలిసిపోతుంది. బ్యారేజీ దగ్గర, పడవలు తిరిగే చోట కూడా వద్దు. ఒడ్డు ఏటవాలుగా ఉండి, అడుగు కనపడే కుంట వెతకండి. మొదట కడుపు లోతు దాకే, నడిచి అందుకునేలా. వ్యాక్సిన్ కార్డులో లెప్టో (ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల వచ్చే జబ్బు) టీకా వేశారో లేదో చూసుకోండి, నిలవ నీళ్ళకి అది లేకుండా దించకూడదు. పచ్చటి తెట్టు కట్టిన నీళ్ళూ, ఏరేటర్లు తిరిగే చేపల చెరువులూ వదిలేయండి. ఇంటికి రాగానే చెవులు పొడి గుడ్డతో తుడవాలి, ల్యాబ్ చెవి మూసుకుని ఉంటుంది కాబట్టి లోపల చీము పడుతుంది.

నీటి పక్షులు దిగే చోటికి తీసుకెళ్ళకండి. ఉప్పలపాడు పక్షుల కేంద్రం లాంటి చోట్ల అసలే వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కుక్కని పక్షుల మీదకి ఉసిగొల్పినా, తరిమించినా కేసే. గూళ్ళు కట్టే రోజుల్లో గట్ల పక్కన తాడు విప్పకండి. నీళ్ళల్లో మాత్రం ఆ పది మీటర్ల తాడు తీసేయాలి, కాళ్ళకి చుట్టుకుంటుంది.