విక్టోరియా కాలం ఇంటి పాటల రికార్డులు: ఏవి వినాలి, ఎలా వినాలి?

లీడ్స్_తెలుగమ్మాయి

అందరికీ నమస్తే. లీడ్స్‌లో ఉంటున్నాను. మా పక్కింటి పెద్దావిడ కేర్ హోమ్‌కి వెళ్ళిపోతూ ఒక అట్టపెట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది, నీకు పాటలంటే ఇష్టం కదా ఉంచుకో అని. అందులో పాత పియానో పాటల నొటేషన్ కాగితాలు ఓ ముప్పై దాకా, 78 రికార్డులు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోను డిస్కులు, ఏడో ఎనిమిదో ఉన్నాయి. కాగితాలు ఆవిడ నాయనమ్మవట. లవ్స్ ఓల్డ్ స్వీట్ సాంగ్ అనే పాట కాగితం అంచులు చిరిగిపోయాయి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకుంది, ఒకచోట "తొందరపడకు" అని రాసుకుని కింద రెండు గీతలు గీసుకుంది. అది చూశాక ఆ పాట వినకుండా ఉండలేకపోయాను.

కానీ యూట్యూబ్‌లో ఏది విన్నా ఒకటేమో బ్యాండు మేళంలా ఉంది, ఇంకోటి ఒపేరా హాల్లో లాగా గొంతెత్తి పాడుతున్నారు, ఇంట్లో పదిమంది మధ్య కూర్చుని పాడుకున్న పాటలా అస్సలు లేదు. ఆ కాలం మనుషులే పాడిన రికార్డులు ఏమైనా ఉన్నాయా? నా దగ్గరున్న డిస్కులు మామూలు టర్న్‌టేబుల్ మీద వేయొచ్చా?

శ్రుతిపెట్టె

ముందు డిస్కుల సంగతి, దయచేసి ఎల్పీ ముల్లుతో, అంటే తర్వాత వచ్చిన లాంగ్ ప్లే రికార్డుల ముల్లుతో, వేయకండి. 78 గాడి చాలా వెడల్పు, దానికి సుమారు 3 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ముల్లు కావాలి, ఎల్పీది 1 మిల్ లేదా అంతకన్నా సన్నం, అది గాడి అడుగున పడి గీక్కుంటూ పోతుంది. విడిగా 78 ముల్లు దొరుకుతుంది, కొనుక్కోండి. మా తెనాలి ఇంట్లో తాతయ్య గ్రామఫోను ఉండేది, స్టీలు ముల్లు ప్రతి వైపుకీ మార్చాలని మా పిల్లలకి తెలీదు, ఒకే ముల్లుతో వేసవి సెలవులంతా పద్యాలు వేసుకున్నాం, నల్లగా మెరిసే గాళ్ళు బూడిద రంగుకి తిరిగిపోయాయి. ఆ పద్యాలు మళ్ళీ వినలేకపోయాం, ఇప్పటికీ బాధే.

ఇంకోటి, పాతవన్నీ సరిగ్గా 78 వేగంలో తీసినవి కావు. 74లో తీసింది 78లో తిప్పితే దాదాపు ఒక స్వరస్థానం పైకి పోతుంది, అంటే షడ్జమం పెట్టాల్సిన చోట శుద్ధ రిషభం వినిపిస్తుంది. గొంతు సన్నగా, కంగారుగా ఉందనిపిస్తే ముందు వేగం అనుమానించండి.

మూడోకాలం

మీకు ఇంటి పాటలా అనిపించకపోవడానికి కారణం ఉంది. 1925 దాకా మైకు లేదు, గాయకుడు ఒక పెద్ద కొమ్ము ముందు నిలబడి పాడితే ఆ గాలి ఊపుకే సూది కదిలి గాడి పడేది. మెత్తగా పాడితే పడదు. పియానో కూడా సరిగా పడేది కాదు కాబట్టి చాలావాటిలో దాని బదులు బాకాలు, క్లారినెట్లు పెట్టేవాళ్ళు, మీరు విన్న బ్యాండు మేళం అదే.

ఆ కాలం మనుషులు అంటే ముందు ఇంగ్లీషు గాయకుడు చార్లెస్ శాంట్లీని వినండి. 1834లో పుట్టినాయన, 1903లో దాదాపు డెబ్భై ఏళ్ళ వయసులో సైమన్ ది సెల్లరర్ అనే పాట రికార్డు చేశాడు. పాట పాడినట్టు కాదు, ఎదురుగా కూర్చున్నవాళ్ళకి కథ చెప్పినట్టు ఉంటుంది. తర్వాత ఒపేరా గాయని అడెలినా పాటీ పాడిన హోమ్ స్వీట్ హోమ్. 1823 నాటి పాట అది, ఆవిడ జీవితమంతా కచేరీల్లో పాడింది. 1905 డిసెంబరులో గ్రామఫోన్ కంపెనీ వాళ్ళే వేల్స్‌లోని ఆవిడ కోటకి యంత్రాలు మోసుకెళ్ళారు, రెండు పడగ్గదులు తీసుకుని ఒకదాంట్లో పియానోని చెక్కపెట్టెల మీదికి ఎక్కించి, యంత్రం రెండో గదిలో పెట్టి కొమ్ము ఒక్కటే తెర సందులోంచి ఇవతలికి పెట్టారు. అప్పటికి ఆవిడకి 62. తన గొంతు తనే మొదటిసారి విని ఆ కొమ్ముకి ముద్దులు విసిరిందట, పియానో వాయించిన లాండన్ రోనాల్డ్ రాసుకున్నాడు. స్వరం నుంచి స్వరానికి ఆవిడ జారే తీరు వినండి, కర్ణాటక సంగీతం తెలిసినవాళ్ళకి జారు గుర్తొస్తుంది, తర్వాతి రోజుల్లో గాయకులు దాన్ని చాలావరకు వదిలేశారు. పాటీ రికార్డింగులు చేసిన ఫ్రెడ్ గైస్‌బర్గే 1902లో కలకత్తాలో హిందుస్తానీ గాయని గౌహర్ జాన్ పాటలు తీసింది కూడా.

ఊరి_హార్మోని

మూడోకాలం గారు చెప్పినవన్నీ వినాల్సినవే, కాకపోతే వాళ్ళు కచేరీ గాయకులండీ. ఈ పాటలకి అసలు సొంతదారులు ఆ కాగితాల మీద పెన్సిల్ గీతలు పెట్టుకున్న ఆడపిల్లలు, వాళ్ళ గొంతు పెద్దగా ఎవరూ రికార్డు చెయ్యలేదు. పబ్లిషర్లకి మాత్రం వాళ్ళు బాగా తెలుసు, ఒకే పాటని మూడు నాలుగు శృతుల్లో అచ్చేసి అమ్మేవాళ్ళు, మీ కాగితాల మీద ఏ శృతి అన్నది ఉంటుంది చూడండి, అది ఆ నాయనమ్మ గొంతు ఎంత పైకి వెళ్ళేదో చెప్తుంది. మా అమ్మమ్మని పెళ్ళిచూపుల్లో హార్మోనియం ముందు కూర్చోబెట్టి పాడించారు, ఆ కాలం ఇంగ్లండులోనూ అంతే, పియానో వాయించి పాడగలగడం పెళ్ళికి ఒక అర్హత.

వినడానికైతే పియానో, గొంతు మాత్రమే ఉన్న తర్వాతి కాలం రికార్డులు పట్టుకోండి. రాబర్ట్ టియర్, బెంజమిన్ లక్సన్, పియానో మీద ఆండ్రే ప్రెవిన్, వీళ్ళు ఈ పాటల్ని నిజంగా నమ్మి పాడారు. అమెరికా వైపు అయితే పంతొమ్మిదో శతాబ్దపు పాటల రచయిత స్టీఫెన్ ఫాస్టర్ పాటలు జాన్ డిగేటానీ, లెస్లీ గిన్ పాడిన 1972 నాన్‌సచ్ కంపెనీ రికార్డు, స్మిత్సోనియన్ మ్యూజియంలోని పాత వాయిద్యాలతో చేశారు. ఆ పియానో మోత గదిలో అయిపోతుంది, హాలు దాకా పోదు. నాకైతే అన్నిటికన్నా అదే ఇంటికి దగ్గరగా ఉంది.

లీడ్స్_తెలుగమ్మాయి

అందరికీ చాలా థాంక్స్. కాగితం మీద శృతి చూశాను, ఎఫ్ అని ఉంది. ఎఫ్ అంటే హార్మోనియం మీద నాలుగో కట్ట, నా శృతీ అదే కాబట్టి నాకూ సరిపోయింది. చరణం నాలుగు లెక్కలో నడిచి పల్లవికి మూడు లెక్కకి మారుతుంది, సరిగ్గా ఆ మలుపులోనే "తొందరపడకు" అని రాసుకుంది ఆవిడ. నేనూ రెండుసార్లు అక్కడే తొందరపడ్డాను. కేర్ హోమ్‌లో పియానో ఉంది, ఆదివారం కాగితం తీసుకుని వెళ్తున్నాను. 78 ముల్లు ఆర్డర్ పెట్టాను, అది వచ్చాక డిస్కుల మీద లేబుళ్ళు ఏమున్నాయో ఇక్కడే రాస్తాను.