పాత వ్యాసంలోని ‘నీగ్రో’ అనే మాటను పునర్ముద్రణలో మార్చాలా?

ప్రశ్న – తెలుగు ఉపాధ్యాయుడు, విజయనగరం

మా పఠన మండలి తరఫున, ఈ ప్రాంతపు పెద్దలు 1970 దశకంలో రాసిన వ్యాసాలను ఏరి ఒక చిన్న సంపుటంగా వేస్తున్నాము. అందులో అమెరికా పౌరహక్కుల ఉద్యమం మీద రాసిన వ్యాసం ఒకటి ఉంది. వర్ణవివక్షను గట్టిగా నిలదీసిన ఆ వ్యాసంలోనే దాదాపు ప్రతి పేరాలోనూ ‘నీగ్రోలు’ అనే మాట కనిపిస్తుంది. దానిని ‘నల్లజాతీయులు’ అని మార్చనిదే పుస్తకాన్ని బడిపిల్లల చేతికి ఇవ్వకూడదని మండలిలోని యువకులు పట్టుబడుతున్నారు. 1963 నాటి వాషింగ్టన్ ప్రసంగంలో మార్టిన్ లూథర్ కింగే ఆ మాటను పలుమార్లు వాడగా లేనిది, మనకెందుకీ పట్టింపు అని పెద్దలు అంటున్నారు. ఏది సబబో పెద్దలు చెప్పగలరు.

సమాధానం – విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, శ్రీకాకుళం

మాస్టారూ, ఆ మాట ఒకప్పుడు పోరాడి సాధించుకున్న గౌరవం. దాని మొదటి అక్షరాన్ని పెద్దక్షరంగా అచ్చువేయాలని నల్లజాతి మేధావి డుబాయిస్ వంటివారు ఏళ్ల తరబడి పత్రికలను అడిగితే, న్యూయార్క్ టైమ్స్ 1930లో అందుకు ఒప్పుకుంది. 1966లో ‘బ్లాక్ పవర్’ నినాదం వచ్చాక, తెల్లవారి పెత్తనం నాటి వాసన ఆ మాటకు అంటి ఉందని కొత్త తరం దానిని పక్కన పెట్టింది. 1988 ప్రాంతంలో పౌరహక్కుల నాయకుడు జెస్సీ జాక్సన్ ‘ఆఫ్రికన్ అమెరికన్’ అనే పేరును ముందుకు తెచ్చారు. 2016లో ఒబామా సంతకం చేసిన చట్టంతో కొన్ని సమాఖ్య చట్టాల పాఠం నుంచి కూడా పాత మాట తొలగిపోయింది. అంటే, ఏ జనానికి ఆ పేరు ఉండేదో ఆ జనమే దానిని వద్దనుకున్నారు. కింగ్ వాడారన్న వాదన 1963కు సరిపోతుంది గాని, నేడు మనం రాసే వాక్యానికి సరిపోదు. కాబట్టి రచయిత పాఠాన్ని ముట్టుకోకండి. గతించిన మనిషి వాక్యాన్ని చాటుగా దిద్దడం నాకు నచ్చని పని. ముందుమాట, శీర్షికలు, వెనుక అట్ట మీది పరిచయం మీవి గనుక, అక్కడ ‘నల్లజాతీయులు’ అనే రాయండి.

సమాధానం – ఆశ్రమ పాఠశాల ఉపాధ్యాయురాలు, పార్వతీపురం

అధ్యాపకుల వారి మాటతో ఏకీభవిస్తూనే, చదివే పిల్లల వైపు నుంచి ఒక సంగతి చెబుతాను. మా బడిలో సవర, జాతాపు పిల్లలు చదువుతారు. సంతలో చింతపండు బుట్ట దించిన ముసలాయనను, ఆయన కొడుకు వయసున్న వ్యాపారి “ఏరా కొండోడా, ఎంతకిస్తావు” అని పిలవడం వాళ్లకు కొత్త కాదు. ఆఫ్రికా పాఠంలోని బొమ్మను చూపించి, తరగతిలో అందరికంటే నల్లగా ఉన్న పిల్లవాడి పేరు పెట్టి మిగతావారు నవ్వితే ఆ గంటంతా వాడు తల ఎత్తలేదు. మీ వ్యాసం అటువంటి తరగతిలోకి వెళ్తుంది గనుక వివరణను పుస్తకం చివర దాచకుండా, ఆ మాట మొదట వచ్చిన పుట అడుగునే వేయించండి.

సమాధానం – పాఠకుడు, బొబ్బిలి

మాట మార్చి చేతులు దులుపుకునే అలవాటు మీదే నా అభ్యంతరం. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభలో అంటరానివారని దూరం పెట్టిన కులాలకు అంటగట్టిన ‘పంచమ’ అనే పేరును కాదని ‘ఆది ఆంధ్ర’ అనే పేరును ఆ జనమే ఎంచుకున్నారు. ‘హరిజన’ అలా వచ్చింది కాదు. గాంధీజీ ఎంత ఆదరంతో ప్రచారం చేసినా అది పైనుంచి దిగిన పేరు. దానిని చట్టంలో చేర్చబోతే 1938లో అంబేడ్కర్ బొంబాయి శాసనసభ నుంచి నిరసనగా వెళ్లిపోయారు. కుల ధ్రువపత్రాలలో ఆ మాట రాయవద్దని కేంద్రం 1982లో చెప్పినా, ఊరి చివర ‘హరిజనవాడ’ అనే పేర్లు నేటికీ వినబడుతూనే ఉన్నాయి, వాడ కూడా ఊరి చివరే ఉంది. మీ యువకులు దిద్దుబాటుతో ఆగిపోకుండా, పేరు ఎవరు పెట్టారు, ఎవరు కాదన్నారు అన్న చరిత్రను ఆ పుటలోనే నాలుగు వాక్యాలలో చెబితే నాకు అభ్యంతరం లేదు.

ప్రశ్న వేసినవారు

పాఠాన్ని ఉన్నది ఉన్నట్లే ఉంచి, పుట అడుగున వివరణ ఇవ్వడానికి మండలిలో ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. ఆ వివరణలో ‘ఆఫ్రికన్ అమెరికన్లు’ అనాలా, ‘నల్లజాతీయులు’ అనాలా?

సమాధానం – విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, శ్రీకాకుళం

రెండవదే వాడండి. జమైకా నుంచో నైజీరియా నుంచో ఇటీవల వచ్చి స్థిరపడినవారిలో చాలామందికి మొదటి పేరు తమదిగా అనిపించదు. 2020లో అసోసియేటెడ్ ప్రెస్ అనే అమెరికా వార్తాసంస్థ ‘బ్లాక్’ను కూడా పెద్దక్షరంతో రాయడం మొదలుపెట్టింది గాని, మన లిపిలో పెద్దక్షరాలే లేవు గనుక ఆ తగవు మీ అచ్చుకూర్పు దాకా రాదు.