బర్నబా "హెచ్చరిక పుత్రుడు" ఎందుకయ్యాడు?

అందరికీ వందనాలు. మొన్న ఆదివారం సండే స్కూల్లో ఒక పాప అడిగింది, "టీచర్, బర్నబా అందరికీ వార్నింగ్ ఇచ్చేవాడా?" అని. బైబిల్లో అపొస్తలుల కార్యములు 4:36లో, తొలి క్రైస్తవ సంఘంలో ఉన్న ఈ బర్నబా పేరుకు అర్థం "హెచ్చరిక పుత్రుడు" అని ఉంది కదా. పాప తప్పేం లేదు, భద్రాచలంలో గోదావరి 43 అడుగులు దాటితే టీవీలో వినపడేది కూడా "మొదటి ప్రమాద హెచ్చరిక" అనే. ఇక్కడ మూలంలో ఉన్న గ్రీకు మాట పరాక్లేసిస్. దగ్గరకు పిలవడం, పక్కన నిలబడి ధైర్యం చెప్పడం అనే భావం ఉంది. 2 కొరింథీ 1:3లో ఇదే మాటను మన తెలుగు బైబిల్ అనువాదకులు "ఆదరణ" అన్నారు, యోహాను 14లోని "ఆదరణకర్త" కూడా ఈ ధాతువే. మరి బర్నబా దగ్గర హెచ్చరిక ఎందుకయింది?

— పాత తెలుగులో ఆ మాటకి బెదిరింపు వాసన ఇంత లేదండీ. త్యాగరాజు "హెచ్చరికగా రారా" అని రాముణ్ణి పిలిచింది వార్నింగ్ ఇవ్వడానికి కాదు కదా, జాగ్రత్తగా, పదిలంగా రమ్మని. కన్నడంలో ఎచ్చర అంటే ఇప్పటికీ మెలకువ. అంటే హెచ్చరించడం ఒక రకంగా మనిషిని తట్టి లేపడమే. హెబ్రీ 10:25లో "ఒకనినొకడు హెచ్చరించుచు" అన్న చోట కూడా అలా చదివి చూడండి, వాక్యం మెత్తబడుతుంది.

— మాస్టారు చెప్పింది బాగుంది. నాకు అపొస్తలుల కార్యములు 11:23 చాలా ఇష్టం. బర్నబా అంతియొకయ పట్టణానికి వచ్చి, దేవుని కృపను "చూచి సంతోషించి", ఆ తర్వాతే హెచ్చరించాడు. ముందు చూశాడు! మన సంఘాల్లో చూడకుండానే "బలంగా వాడబడుతున్నారు బ్రదర్" (దేవుడు మిమ్మల్ని బాగా వాడుకుంటున్నాడు) అనేస్తాం, అందరికీ అదే మాట. ముఖస్తుతికి బైబిల్లో వేరే మాట ఉంది, ఇచ్చకము. పొరుగువానితో ఇచ్చకాలాడేవాడు వల వేస్తున్నాడని సామెతలు 29:5. మా మందిరంలో ఒక పెద్దావిడ డోలక్ వాయించే కుర్రాణ్ణి ఆరాధన అయ్యాక ఆపి, "రెండో చరణంలో స్పీడు పెంచకుండా ఆపావయ్యా, మా ముసలాళ్లం కూడా కలిసి పాడగలిగాం" అంది. వాడు చెప్పుల దగ్గర నిలబడి అయిదు నిమిషాలు ఎటూ కదల్లేదు. ఆ ఒక్క మాట కోసం ఆవిడ పాట మొత్తం వాణ్ణి గమనించి ఉండాలి కదా!

— అయితే పిల్లలకి "వెన్నుతట్టేవాడు" అని చెప్పొచ్చా అక్కా?

— చెప్పొచ్చు తమ్ముడూ, నేనూ అదే అనుకున్నా. వచ్చే ఆదివారం ఒక్కొక్కరికీ ఒక చీటీ ఇచ్చి, పక్కన కూర్చున్నవాళ్లు ఈ వారం చేసిన ఒక మంచి పని, తాము కళ్లారా చూసింది, రాయమంటాను. "మంచి అమ్మాయి" అని రాస్తే చీటీ వెనక్కి ఇచ్చేస్తాను.