మూతపడిన జూట్ మిల్లుని కార్మికులే నడపగలరా?

నాగావళి_వాసి: అర్జెంటీనా 2001 డిసెంబరులో కుప్పకూలింది. బ్యాంకుల్లో జనం డబ్బు ఇరుక్కుపోయింది. యజమానులు వదిలేసిన ఫ్యాక్టరీలను కార్మికులే తెరిచారు. నెయుకెన్‌లో జానోన్ అనే టైల్స్ ఫ్యాక్టరీ అలాగే మళ్లీ నడిచింది, కొత్తవాళ్లను చేర్చుకుని 400 మంది దాటారు. విజయనగరం జిల్లాలో మూతపడ్డ మిల్లుల్లో అది ఎందుకు కుదరదు?

లెడ్జర్: కరెంటు బకాయి ఎవరు కడతారు?

నాగావళి_వాసి: అదొక్కటేనా అడ్డం? గోగునార మన రైతులే పండిస్తున్నారు. ధాన్యానికి గోనె సంచులే వాడాలని 1987 నుంచి చట్టముంది. సరుకుకి గిరాకీ లేకపోవడమేంటి?

లెడ్జర్: సంచులు సరే. బకాయి తీర్చకుండా కనెక్షన్ ఇస్తారా, ఇవ్వరా? అది చెప్పండి. ముంబై కమానీ ట్యూబ్స్‌ని 1988లో కోర్టు అనుమతితోనే కార్మికుల సహకార సంఘం తీసుకుంది. కొన్నేళ్లకే చతికిలబడింది.

స్పిన్నింగ్‌వారి_అమ్మాయి: మా నాన్న గ్రాట్యుటీ ఇంకా రాలేదు. ఇంట్లో బీరువా నిండా కాగితాలు, ఒంట్లో నార దుమ్ముకి పట్టుకున్న దగ్గు, అంతే మిగిలింది. ముందు అది ఇప్పించండి బాబూ, మిల్లు సంగతి తర్వాత.

నాగావళి_వాసి: అమ్మా, అదే నా మాట. అర్జెంటీనాలో 2011లో దివాలా చట్టం మార్చారు. రావాల్సిన జీతాల బాకీనే పెట్టుబడిగా చూపించి సంఘం ఫ్యాక్టరీ కొనుక్కోవచ్చు. మన 2016 దివాలా చట్టంలో మిల్లు అమ్మితే 24 నెలల జీతం బాకీ బ్యాంకు అప్పుతో సమానంగా వరుసలో నిలబడుతుంది, అంతే.

స్పిన్నింగ్‌వారి_అమ్మాయి: మా నాన్న డబ్బు తీసుకెళ్లి తుప్పుపట్టిన మగ్గాల్లో పోస్తారా? మీ ఇంట్లోది పొయ్యండి!

టీకొట్టు: పాయింటే.

మాజీ_బదిలీ: ఇంతసేపూ సంఘం, సంఘం అంటున్నారు. అందులో ఎవరుంటారో ఒక్కరూ చెప్పరేటి? పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, ఎవరైనా పనికి రాకపోతే లోపలికి పిలిపించుకున్న బదిలీ కార్మికుడిని నేను. లాకౌట్ పడినప్పుడు పర్మనెంటోళ్లకి యూనియన్ ఉంది. మా పేర్లు ఏ లిస్టులోనూ లేవు.

నాగావళి_వాసి: తమ్ముడూ, ముందు మిల్లు తెరవనీ. ఓటు సంగతి తర్వాత చూద్దాం.

మాజీ_బదిలీ: తర్వాత అన్న మాట యజమానీ చెప్పాడు, యూనియనూ చెప్పింది. జానోన్‌లో నిర్ణయాలన్నీ సభలో అందరూ కలిసి తీసుకున్నారట కదా! మరి ఇక్కడ మేం అందరిలో లేమా?

నాగావళి_వాసి: సరే, బదిలీలకూ ఓటు ఇద్దాం. ఆరు నెలలు పనిచేశాక.

మాజీ_బదిలీ: పర్మనెంటోళ్లకి లేని ఆరు నెలలు మాకెందుకండీ?