చెత్త శుద్ధికి తక్కువ వేడి మెషీన్ కొనొచ్చా?

మాది తెనాలిలో రెండు కుర్చీల డెంటల్ క్లినిక్. ఆసుపత్రి చెత్త తీసుకెళ్లే బండి రోజు విడిచి రోజు వస్తుంది, పండగైతే అదీ లేదు. మొన్న సంక్రాంతికి పసుపు సంచి మూడు రోజులు బాత్రూమ్ పక్కనే ఉంది. రక్తపు దూది కంపుకి మా ఆయమ్మ ముక్కుకి కొంగు కట్టుకుని ఊడ్చింది. నిన్నొక సేల్స్ అబ్బాయి వచ్చి, "121 డిగ్రీల ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ అక్కర్లేదు సార్, మైక్రోవేవ్‌తో క్రిములు ఖతం" అన్నాడు. కొనమంటారా?

— ఆగండి డాక్టర్ గారూ. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం 75 కిలోమీటర్లలోపు ఆసుపత్రుల చెత్త శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంట్ సేవ ఉంటే సొంత శుద్ధి యంత్రం పెట్టకూడదు. బండి వస్తోందంటే ప్లాంట్ ఉన్నట్టేగా! పసుపు సంచి 48 గంటలు దాటితే కారణంతో సహా కాలుష్య నియంత్రణ మండలికి తెలపాలి. ముందు బండివాళ్ల మీద రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి.

— నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. మైక్రోవేవ్ అబద్ధం కాదు, కానీ చెత్తలో తడి ఉండాలి, పొడి దూదికి వేడి సరిగా ఎక్కదు. స్పోర్ టెస్ట్ (మొండి క్రిముల బీజాలు చచ్చాయో లేదో చూసే పరీక్ష) రిపోర్ట్ అడగండి. అన్నట్టు, అమాల్గమ్ (పాదరసం కలిసిన లోహ మిశ్రమం) నింపిన పళ్లు ఎందులోనూ వేడి చేయకండి, పాదరసం ఆవిరి వస్తుంది.

— రిపోర్ట్ అడిగాను. "మేనేజర్‌ని కనుక్కుని చెప్తా సార్" అన్నాడు. ఇంతవరకూ ఫోన్ లేదు.